మేస్త్రీ మడమ పట్టిన మనిషి

మా తమ్ముడి మడమ మీద మేస్త్రీ పళ్ళు పడ్డప్పుడు గదిలో ఉన్నవాళ్ళెవరూ కుక్కని చూడలేదు. మా తమ్ముణ్ణి చూశారు.

మేస్త్రీ అంటే మా కుక్క. ఆ పేరు మా అత్త పెట్టింది. ఇంటికొచ్చిన వారంలోనే అది ఆవిణ్ణి వంటగదిలోంచి వసారాలోకి, వసారాలోంచి మళ్ళీ వంటగదిలోకి తోలుకెళ్ళడం మొదలుపెట్టింది. "నా జన్మలో మీ మావ కూడా నన్నిలా అదిలించలేదు, ఇదెక్కడి మేస్త్రీయే" అంది. అదే ఖాయమైపోయింది. మా ఆయన లారీ మీద తిరిగే మనిషి, ఇంట్లో ఉండేది తక్కువ. ఆయనకి ఫోన్లో చెబితే, యూనియన్ నడిపే కొంపలో కుక్కకి మేస్త్రీ అని పేరా అని నవ్వాడు.

నవ్వే విషయమే. మేం పనిచేసేది ఆసుపత్రుల బట్టలు ఉతికే పెద్ద లాండ్రీలో. రక్తమంటిన దుప్పట్లు, ఆపరేషన్ గదుల గౌన్లు, దిండు గలీబులు మూటలు మూటలుగా వస్తాయి. నా పని ఆ మూటలు విప్పి వేరుచెయ్యడం. విప్పితే లోపల సూదులుంటాయి. పారెయ్యాల్సిన సూది దుప్పట్లో మర్చిపోతారు, అది వచ్చి మా వేలిలో దిగుతుంది. మాకిచ్చే గ్లౌజులు ఉల్లిపొరంత ఉంటాయి. మందపాటి గ్లౌజులివ్వండి అని మేం అడగడం, చూద్దాం అని వాళ్ళనడం, ఇదే ఎప్పట్నించో నడుస్తోంది. అడిగి అడిగి నోరు పడిపోయి, చివరికి ఒక కమిటీ వేసుకున్నాం. రోలర్ మీద ఇస్త్రీ చేసే ఆయన ప్రెసిడెంటు. మడతల బల్ల దగ్గర పనిచేసే వదిన ఒకరు, అందరూ ఆవిణ్ణి వదిన అనే అంటారు. బాయిలర్ చూసుకునే బాబాయ్ ఒకరు. తర్వాత నేను, మా తమ్ముడు. తమ్ముడిది తడి వైపు పని. వాషర్లోంచి నీళ్ళు కారే బట్టల్ని చేతుల్తో లాగి డ్రయ్యర్లో వెయ్యాలి. తడిసిన దుప్పట్ల బరువెంతో ఎత్తినవాడికే తెలుస్తుంది.

కమిటీ కూర్చునేది మా ఇంట్లో, సెలవురోజు మధ్యాహ్నం, ముందుగదిలో. తలుపు మూసి, కిటికీ మూసి, ఉక్కపోతలో కూర్చుంటాం. ప్రెసిడెంటుకి తలుపు పక్కన కుర్చీ. మిగతావాళ్ళందరం చాప మీద.

కుక్క సంగతికొస్తాను. కావాలన్నది మా అమ్మాయి. నాకైతే ఇంకో నోరు మేపే ఓపిక లేదు. కానీ అదే రోజుల్లో మా వీధి మలుపులో ఒక మోటార్ సైకిల్ వచ్చి ఆగుతుండేది. ఎవడిదో తెలీదు. నేను బయటికి రాగానే వెళ్ళిపోయేది. లాండ్రీ వాళ్ళు మనిషిని పెట్టారేమోనని నా గుండెలో ఒక ముల్లు దిగింది. సరే, కుక్కుంటే మొరుగుతుంది కదా అని, దిక్కులేని కుక్కల్ని ఉంచే చోటికి అమ్మాయితో కలిసి వెళ్ళాను.

అక్కడ గేటు పక్కనే ఉంది ఇది. నలుపూ తెలుపూ, ఒక చెవి నిక్కి, ఇంకో చెవి మడిచి. మిగతా కుక్కలన్నీ జాలీ మీద పడి అరుస్తుంటే ఇది నేలకి కరుచుకుని పడుకుని మా కాళ్ళ కేసే చూస్తోంది. మొహాల కేసి కాదు, కాళ్ళ కేసి. అక్కడి డాక్టరమ్మ ముందే చెప్పింది, రెండు కుటుంబాలు తీసుకెళ్ళి మళ్ళీ తెచ్చి దింపేశాయని. ఎందుకని అడిగితే, పిల్లల మడమలు పడుతోందట. కరవడం కాదు, పట్టడం. నేను వెనక్కి తిరగబోయాను. ఆవిడ ఆపి చెప్పిన మాట నాకింకా చెవిలో ఉంది.

"అమ్మా, ఇది కాపలా కుక్క కాదు. మందని తోలే కుక్క. రెండూ వేర్వేరు. దొంగెవరో దొరెవరో దీనికి తెలీదు. విడిపోయినదాన్ని తెచ్చి మందలో కలపడం ఒక్కటే తెలుసు. మీరు దీనికి పని చూపించకపోతే అదే పని వెతుక్కుంటుంది. ఆ పని మీకు నచ్చకపోవచ్చు."

పని కావాలని అడిగే ప్రాణి నాకు నచ్చింది. తీసుకొచ్చేశాను.

తెచ్చాక తెలిసింది, కుక్కని తెచ్చుకోలేదు, రెండో ఉద్యోగం తెచ్చుకున్నానని. దీనికి వీధి చివరిదాకా వెళ్ళొస్తే సరిపోదు. తెల్లారగానే రైలు పట్టాల పక్కన ఖాళీ జాగాలో దాన్ని వదిలి, నాలుక బయటపడేదాకా పరిగెత్తించాలి. బంతి విసిరితే తెస్తుంది, అది దాని ఒంటికి అలసటే గానీ బుర్రకి అలసట కాదు. అందుకని మా అమ్మాయి బంతుల్ని నాలుగు వైపులా దొర్లించి వాటన్నిటినీ ఒక తొట్టిలోకి చేర్చడం నేర్పింది. ఆ తొట్టి నిండాక దాని మొహంలో ఒక తృప్తి ఉంటుంది చూడండి, పూర్తి షిఫ్టు చేసి ఇంటికొచ్చినవాడి తృప్తి. బొచ్చు రెండు పొరలు. పైపొర దువ్వితే చాలనుకుంటే లోపలిపొర ఉండకట్టి చర్మం పాచిపోతుంది. దువ్వినప్పుడల్లా ఇంకో కుక్కని చెయ్యడానికి సరిపడా బొచ్చు రాలుతుంది. మా అత్త ఆ బొచ్చుని తిడుతూనే ఊడ్చేది, ఊడుస్తూనే దానితో కబుర్లు చెప్పేది.

మడమలు పట్టడం మాన్పించడానికి కొట్టకూడదంది డాక్టరమ్మ. కదిలేవాళ్ళు కదలకుండా నిలబడిపోవాలి, 'ఆగు' అనాలి, అది ఆగితే చేతిలో గుడ్డుముక్క పెట్టాలి. అలాగే చేశాం. అత్తని పట్టడం మానేసింది. అమ్మాయిని మానేసింది. నన్నూ మానేసింది.

మరి మా తమ్ముణ్ణి ఎందుకు పట్టింది?

సరిగ్గా ఆ ప్రశ్నే గదిలో అందరి కళ్ళలోనూ ఉంది. ఉండడానికి కారణముంది. అప్పటికే మేం రెండుసార్లు దెబ్బతిన్నాం. ఫలానా పొద్దున బట్టల్ని ముట్టుకోం, గ్లౌజులొస్తేనే మూట విప్పుతాం అని గట్టిగా అనుకున్నాం. ఈ గది దాటి మాట బయటికి పోలేదు, మిగతావాళ్ళకి అప్పటికప్పుడు గేటు దగ్గరే చెబుదామనుకున్నాం. తీరా ఆ పొద్దున వెళ్ళేసరికి గేటు దగ్గర వ్యాను, వ్యాన్లో వేరే ఊరి లాండ్రీ మనుషులు. సూపర్‌వైజరు చేతులు కట్టుకుని మాకోసమే ఎదురుచూస్తున్నాడు. "ఏమ్మా, ఇవాళ ఒంట్లో బాగుండదా మీకు" అన్నాడు. నోరు మూసుకుని లోపలికెళ్ళి మూటలు విప్పాం. నెల తిరగకుండా మళ్ళీ ప్రయత్నిస్తే మళ్ళీ అదే వ్యాను.

ఎవరో ఉప్పందిస్తున్నారు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు, కానీ ఆరోజు నుంచి చాప మీద మనిషికీ మనిషికీ మధ్య జాగా పెరిగింది. ఎవరి ఫోను మోగినా అందరి మెడలూ అటు తిరిగేవి. బాబాయ్ దగ్గొస్తే బయటికెళ్ళి దగ్గేవాడు, ఇప్పుడు లోపలే దగ్గడం మొదలుపెట్టాడు.

ఇలాంటప్పుడు మా తమ్ముడు మాటిమాటికీ లేచేవాడు. ముఖ్యమైన మాట పడ్డప్పుడే లేచేవాడు, అలా అనిపించేది. లేచి తలుపు తీసుకుని వసారాలోకి పోయేవాడు. ఒకసారి మంచినీళ్ళంటాడు, ఒకసారి గాలికంటాడు. వాడు లేవగానే మేస్త్రీ మూలలోంచి లేచేది. పొట్ట నేలకి ఆనేలా వంగి, తల ముందుకు చాచి, రెప్ప వెయ్యకుండా చూసేది. వాడు గడప దాటబోతే చుట్టూ తిరిగి వెళ్ళి మడమ పట్టేది. వాడు తిట్టుకుంటూ వచ్చి కూర్చునేదాకా వదిలేది కాదు. బాబాయ్ మీదికి వెళ్ళలేదు. వదిన మీదికి వెళ్ళలేదు. ప్రెసిడెంటు మీదికి అసలే వెళ్ళలేదు.

ఆయనకి ఇది చాలు. ప్రెసిడెంటు చదివింది తక్కువే అయినా తెలియందంటూ ఏదీ లేదు. ఇది గొర్రెల కాపరుల జాతి అని నేనే నోరుజారి చెప్పాను. అంతే, ఉపన్యాసం. తోడేలు గొర్రె తోలు కప్పుకొచ్చినా ఈ జాతి వాసన పడుతుందట. మనుషులకి పట్టని కుళ్ళు కుక్క ముక్కుకి పడుతుందట. అది కాదన్నా, ఇది మందని తోలే రకం, దీనికి శత్రువు గిత్రువు తెలీదు అని నేను డాక్టరమ్మ మాట చెప్పాను. ఆయన జాలిగా చూసి, "చెల్లెమ్మా, తోడబుట్టినవాడు కదా, నీకలాగే ఉంటుంది" అన్నాడు.

ఆ మాటతో నా నోరు కుట్టేశాడు. ఇంకేం మాట్లాడినా తమ్ముణ్ణి వెనకేసుకొచ్చినట్టే.

ఆ రోజు తమ్ముడు ఎవరితోనూ చెప్పకుండా చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. వాడు కూర్చున్న చోటు పక్కనున్న తన సంచిని వదిన చడీచప్పుడు లేకుండా ఇటువైపు లాక్కోవడం చూశాను. ఆ సంచిలో ఏముంది, ఒక గొడుగూ ఒక ఖాళీ టిఫిన్ డబ్బా.

ఇంతవరకూ వాళ్ళ అనుమానం. ఇక నా సంగతి. నేనూ అనుమానించాను. వీడు నా చంకలో పెరిగినవాడు, నా మాట మీద పనిలో చేరినవాడు. అయినా ఆ మర్నాడు లాండ్రీలో నా కళ్ళు వాడి వెనకే తిరిగాయి. మధ్యాహ్నం తిండి గంట కొట్టాక అందరూ డబ్బాలు తెరుస్తుంటే వాడు కనబడలేదు. కాసేపటికి సూపర్‌వైజరు గది తలుపు తెరుచుకుంది. అందులోంచి వాడొచ్చాడు. నన్ను చూడలేదు. మొహం ఎర్రగా ఉంది. చేతిలో ఏదో ఉంటే జేబులో కుక్కుకున్నాడు.

సాయంత్రం గేటు బయట పట్టుకుని అడిగాను, ఆ గదిలో నీకేం పని అని. "ఏం లేదక్కా" అన్నాడు. ఏం లేనిదానికి మొహం ఎందుకు ఎర్రబడిందన్నాను. వాడు నా కళ్ళలోకి చూసి, "నువ్వు కూడానా" అని, బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఆ బస్సులో వాడు కూర్చోలేదు. సీట్లు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అది చూశాను. చూసీ నాకేం తట్టలేదు. అనుమానం ఎక్కిన కళ్ళకి ఎదురుగా ఉన్నది కనబడదు.

ఆ వారమంతా లాండ్రీలో గుసగుసలు. ప్రెసిడెంటు ఎవరితోనూ అనలేదంటాడు. మరి తడి వైపు వాళ్ళు మా తమ్ముడు రాగానే మాట మార్చడం ఎలా మొదలైంది? ఒకడు వాడి వెనక నిలబడి సన్నగా కుక్కలా మొరిగాడట. బాబాయ్ చెప్పాడు. వచ్చే సెలవురోజు కమిటీలో తేల్చేస్తారని, వాణ్ణి తీసేసి లాండ్రీ మొత్తానికీ చెబుతారని కూడా చెప్పాడు. అలా చెబితే వాడికి ఆ లాండ్రీలో పనుంటుందేమో గానీ, పక్కన నిలబడే మనిషుండడు. తడి బట్టల మూట ఒక్కడే ఎత్తలేడు. అవతలి కొస పట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి.

సెలవురోజు పొద్దున నేను మేస్త్రీని పరుగుకి తీసుకెళ్ళలేదు. గది ఊడవాలి, టీ నీళ్ళకి పాలు తేవాలి, బుర్ర పాడైపోయి ఉంది. పది దాటేసరికి అది అత్త వెనక పడింది. ఎన్నాళ్ళకో మళ్ళీ మడమ పట్టబోయింది. అత్త కదలకుండా నిలబడి 'ఆగు' అంది. అది ఆగింది గానీ ఒళ్ళంతా తీగలా బిగుసుకునే ఉంది.

"కమిటీ రోజున దీనికి పరుగుండదు" అంది అత్త. "వాళ్ళొచ్చేసరికి ఇది పని దొరక్క అల్లాడిపోతుంటుంది. పైగా గదినిండా మనుషులు. దాని కంటికి పండగే."

నేను చీపురు పట్టుకుని అలాగే ఉండిపోయాను. ఇంట్లో మానేసింది, వీణ్ణొక్కణ్ణే ఎందుకు పడుతోంది అని కదా వారం నుంచి నా బుర్ర తొలిచింది. అది పట్టేదంతా కమిటీ రోజునే. పని లేని రోజునే. ఇంకో సంగతి కూడా అప్పుడే తగిలింది. కమిటీలో మా తమ్ముడు తప్ప ఇంకెవరూ లేవరు. నేను లేస్తాను టీకి, కానీ నేను 'ఆగు' అంటే అది ఆగుతుంది.

మధ్యాహ్నం అందరూ వచ్చారు. తమ్ముడూ వచ్చాడు. రాకపోతే ఒప్పుకున్నట్టవుతుందని వచ్చాడు. ఎవరూ పలకరించలేదు. వాడు చాప చివర కూర్చున్నాడు, ఒక చెయ్యి నేలకి ఆనించి. ప్రెసిడెంటు గొంతు సవరించుకున్నాడు. ఈ మాట చెప్పడానికి తనకెంత బాధగా ఉందో చెప్పడం మొదలుపెట్టాడు. బాధపడేవాళ్ళు అంత వరసగా మాట్లాడరు.

నేను అడ్డుపడ్డాను. తేల్చేది కుక్కే అయితే కుక్క చేతే తేల్పిద్దాం అన్నాను. ఒక్కొక్కరూ లేచి బయటికెళ్ళండి, అది ఎవర్ని పడుతుందో చూద్దాం. ఇదేం పిల్లాట అన్నాడు ప్రెసిడెంటు. "పిల్లాట కాదన్నది మీరే కదన్నా" అన్నాను. బాబాయ్ కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నాడు.

ముందు వదిన లేచింది. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, నేనేం తప్పు చెయ్యలేదు అన్న నడక నడుస్తూ తలుపు వైపు వెళ్ళింది. మేస్త్రీ మూలలో వంగింది. గడప మీద కాలు పెట్టిందో లేదో చుట్టూ తిరిగి వెళ్ళి మడమ అందుకుంది. వదిన కెవ్వుమంది. "నేనా" అంది. ఎవరూ ఏమీ అడక్కుండానే, తన పిల్లల మీద ఒట్టు, సూపర్‌వైజరు మొహం చూసి కూడా ఎరగనంది. రోజూ చూస్తుంది. తర్వాత బాబాయ్. దాన్ని బోల్తా కొట్టించాలని అడుగులో అడుగు వేసుకుంటూ, దొంగలా, గోడ పక్కనుంచి వెళ్ళాడు. ఇంకా గట్టిగా పట్టింది. తిరిగొచ్చి చాప మీద పడి, "సరే, నేనూ ద్రోహినే. రాసుకోండి" అన్నాడు.

ఇక ప్రెసిడెంటు. ఆయన కుర్చీలోంచి లేచాడు. తలుపు తీశాడు. వసారాలోకి వెళ్ళాడు. మెట్లదాకా వెళ్ళి తిరిగి చూశాడు. మేస్త్రీ ఒక్కసారి చెవి కదిపి, మాకూ గోడకీ మధ్య పడుకుని, మా కాళ్ళ కేసి చూసుకుంటోంది.

ఆయన్ని పట్టలేదు.

గది చల్లబడిపోయింది. నేను వాళ్ళ మొహాలు చూశాను. ఒక్క నిమిషం కిందటిదాకా మా తమ్ముడి మీదున్న చూపులు అలాగే, వేడి తగ్గకుండా, లేచి ప్రెసిడెంటు మీద వాలాయి. వదిన సంచి అటునుంచి ఇటు జరిగింది. అందర్నీ పట్టింది, ఈయన్ని తప్ప. అంటే వీళ్ళు రాసుకున్న లెక్క తిరగబడింది. కుక్క పట్టినవాళ్ళంతా మావాళ్ళు, పట్టనివాడే పరాయివాడు. ఇంతసేపూ కుక్క ముక్కు గొప్పదన్న మనిషి గడప అవతల నిలబడి లోపలికి రావాలో వద్దో తెలీక చేతులు నలుపుకుంటున్నాడు. ఒప్పుకుంటాను, చూడ్డానికి బాగుంది. ఇంకాసేపు ఊరుకుంటే ఇంకా బాగుండేది.

ఊరుకోలేదు. ఊరుకుంటే వచ్చే వారం ఇంకెవరి మీదో వాలతాయి ఆ చూపులు. "ఆయన కూడా కాదు" అన్నాను. "ఆయన ఎప్పుడూ తలుపు పక్కన కుర్చీలో కూర్చుంటాడు. చాప మీద కూర్చున్నవాళ్ళే దీనికి మంద. ఆయన్నిది మనలో లెక్కెయ్యలేదు, అంతే. దీనికి ఎవరి వాసనా పట్టలేదు. లేచి వెళ్ళేవాణ్ణి తెచ్చి మనలో పడేస్తోంది. మా తమ్ముణ్ణి పొమ్మన్నది మీరు. వద్దు రమ్మన్నది ఇది."

అప్పుడు వదిన, ఇన్నాళ్ళూ అడగాల్సిన మాట, చాలా మామూలుగా అడిగింది. "అయితే అబ్బాయ్, నువ్వెందుకు లేస్తుంటావు మరి?"

తమ్ముడు నేలకి ఆనించిన చేతిని చూసుకున్నాడు. జేబులోంచి ఒక మందు గొట్టం తీసి చాప మీద పెట్టాడు. నొప్పులకి రాసుకునేది. సగానికి పైగా నొక్కేసి ఉంది.

"కూర్చోలేను వదినా. నడుం పోయింది. కాసేపు కూర్చుంటే కాలులోకి కరెంటు కొట్టినట్టు దిగుతుంది. లేచి నడిస్తే తగ్గుతుంది. నడుం మాట ఎత్తకుండా, మడతల బల్లకి మార్చమని సూపర్‌వైజర్ని అడిగా. ఎత్తలేనివాడికి గేటు అటుందన్నాడు. ఈ మాట మీకు చెబితే ఎలాగోలా పోతుంది బయటికి. ద్రోహి అనుకుంటే తిట్టి ఊరుకుంటారు. నడుం పోయిందని తెలిస్తే పని పోతుంది."

నాకు బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడ్డవాడు గుర్తొచ్చాడు. బాబాయ్ ఆ గొట్టాన్ని తీసి చదువుతున్నట్టు తిప్పాడు, ఆయనకి చదువు రాదు. ఎప్పట్నించిరా అన్నాడు. ఎప్పట్నించో ఉంది గానీ, మనం పని ఆపుదామనుకున్న ఆ రెండు రోజులకీ ముందురోజు ఎత్తిన బరువుకి పూర్తిగా కూలిందన్నాడు.

ముందురోజు ఎత్తింది మేం ఐదుగురమూ. మా లాండ్రీ ఆగితే ఆసుపత్రిలో రోగి వట్టి పరుపు మీద పడుకోవాలి. అందుకని పని ఆపేముందు రోజు, చెప్పకుండానే, ఎవరికి వారు రెండింతలు చేశాం. తడి వైపు నుంచి ఈవైపు దాకా మూట అన్నది మిగల్లేదు. వీడైతే పక్కవాడి వాషర్లోంచి కూడా లాగాడు. సాయంత్రానికి అరలు పైకప్పుదాకా నిండాయి. మాకు మేమే ముచ్చటపడ్డాం.

మేస్త్రీ మళ్ళీ కదిలింది. ప్రెసిడెంటు గడప అవతలే ఉండిపోయేసరికి తమ్ముడు ఆయన కోసం లేవబోయాడు. అది ముందు వంగింది, పొట్ట నేలకానించి, తల చాచి. ఇంకా పరుగు తియ్యలేదు. కానీ దాన్ని ఎరిగినవాళ్ళకి అది ఏం చెయ్యబోతోందో ఆ వంగడంలోనే తెలిసిపోతుంది.

"ఆగు" అన్నాను. కుక్కతోనో నాతోనో నాకే తెలీదు.

అరలు. మామూలు రోజు సాయంత్రం మా అరలు సగం ఖాళీ. ఆ రెండు సాయంత్రాలూ నిండుగా ఉన్నాయి. ఎన్నడూ లేనిది, నవ్వుకుంటూ, పోటీలు పడి పనిచేశాం. సూపర్‌వైజరుకి వేగు ఎందుకు? వాడికి కళ్ళున్నాయి. మందకొడిగా చేసేవాళ్ళు ఉన్నట్టుండి ఒళ్ళు విరుచుకుని చేస్తే, రేపు చెయ్యబోవడం లేదని గడ్డి తినేవాడికైనా అర్థమవుతుంది. సాయంత్రం అరలు చూసుకున్నాడు, వ్యానుకి ఫోన్ చేసుకున్నాడు. మా నోటితో మేం చెప్పలేదు. మా చేతులతో చెప్పాం.

ఇదంతా పైకి అన్నాను. "అంటే మనమే," అంది వదిన. "మన మంచితనం మండా."

ప్రెసిడెంటు లోపలికొచ్చాడు. కుర్చీలో కూర్చోబోయి, ఆగి, దాన్ని పక్కకి జరిపి నిలబడే ఉన్నాడు. అలా అయితే ఈసారి అరలు నింపొద్దు, పోయేది వాళ్ళ పరువు అన్నాడు. పోయేది రోగి పరుపు మీది దుప్పటి అన్నాడు తమ్ముడు. గొడవయింది. చాలాసేపయింది. చివరికి బాబాయ్ చెప్పిందే నిలిచింది. రోజూ కొంచెం కొంచెంగా, మామూలు పనిలాగే, వార్డు ఆయాలు తీసుకెళ్ళే ట్రాలీలో నాలుగు దుప్పట్లు ఎక్కువ పెడదాం. వాళ్ళు వార్డుల్లో దాస్తారు. వాళ్ళకీ సూదులు గుచ్చుకుంటాయి, వాళ్ళకి చెబితే కాదనరు. మా అరలు మాత్రం ఎప్పటిలాగే సగం ఖాళీ. అడిగేవాటిలో గ్లౌజుల పక్కన ఇంకోటి చేర్చాం, తడి బట్టలు ఎత్తే బండి.

తమ్ముడు ఒకటి అడిగాడు. ఇంకేమీ అడగలేదు. "తడి వైపు నా వెనక మొరిగారన్నా. ఎవరు చెబితే మొరిగారో వాళ్ళే వచ్చి కాదని చెప్పాలి. నా నడుం సంగతి తేకుండా చెప్పాలి." ప్రెసిడెంటు ముందు రేపన్నాడు, ఎల్లుండన్నాడు. కానీ వెళ్ళాడు. వాషర్ల మోతలో నిలబడి, అనుకున్నది తప్పు, అనుకున్నది నేను అని అరిచాడు. మోతలో సగం మందికి వినబడలేదు. వినబడనివాళ్ళు వినబడినవాళ్ళని అడిగారు. పని జరిగింది. మూట అవతలి కొస పట్టుకోవడానికి మనిషి వచ్చాడు. బరువు వైపు తనే తీసుకున్నాడు.

మేం పని ఆపిన పొద్దున గేటు దగ్గర వ్యాను లేదు. సూపర్‌వైజరు టీ గ్లాసుతో వచ్చి, విప్పని మూటల్నీ, వాటి చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డ మమ్మల్నీ చూసి, గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలీక పట్టుకునే ఉన్నాడు. అరల సంగతి ఎవరు చెప్పారు వీళ్ళకి అన్నట్టు మా మొహాలు ఒక్కొక్కటే వెతికాడు. ఇక అనుమానం వాడి వంతు. గ్లౌజులు మధ్యాహ్నానికి వచ్చాయి. బండి ఇంకా రాలేదు, దాని కోసం మళ్ళీ కూర్చోవాలి.

కూర్చున్నాం. ఇప్పుడు కమిటీ రోజున పొద్దున్నే మేస్త్రీని పట్టాల పక్కన పరిగెత్తిస్తాను, ఏది మానినా అది మానను. తమ్ముడు గోడకి వీపు ఆనించి నిలబడతాడు, ఎందుకని ఎవరూ అడగరు. వీధి మలుపులో ఆ మోటార్ సైకిల్ ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆగుతుంది. ఎవడో నాకింకా తెలీదు. కుక్క దాన్ని చూసి ఒక్కసారీ మొరగలేదు. దాని పని కాదు మరి.

ప్రెసిడెంటు ఇప్పుడు చాప మీద కూర్చుంటున్నాడు. మొదటి రెండుసార్లు ఏమీ కాలేదు. మూడోసారి వాన వల్ల మేస్త్రీకి పరుగు కుదరలేదు. ఆయన ఫోన్ వచ్చిందని లేచి తలుపు దాకా వెళ్ళాడు. అది మూలలో వంగింది. నేను 'ఆగు' అనలేదు.

ఆయన ఒంటికాలి మీద గెంతి, మడమ చేత్తో పట్టుకుని, మేమందరం చూశామా లేదా అని మా వైపు తిరిగాడు. మొహంలో నొప్పి ఉంది గానీ, దాని వెనక ఇంకేదో ఉంది, దాచుకోవడం చేతకావడం లేదు ఆయనకి.

మా తమ్ముడు గోడ దగ్గర్నుంచి కదల్లేదు. "ఏమన్నా," అన్నాడు, "ఎవరికి చెప్పొద్దామని బయల్దేరావు?"